డిష్ అన్న వాదన

మీ ఇంట్లో టీవీ బొమ్మ ఆగిపోతే మీరు ఎవరి మీద అరుస్తారు? ఫోన్ నంబరు అడగడం లేదు. మీ అరుపు వినే మనిషి ముఖం అడుగుతున్నాను. ఒక్క నిమిషం ఆలోచించి చెప్పండి. ఏదైనా ముఖం గుర్తుకొచ్చిందా?

రాకపోతే మిమ్మల్ని నిందించను. అలాంటి ముఖం ఒకటి ముప్పై ఏళ్ల పాటు నా ఎదురుగా తిరిగింది. నేనే దాన్ని దాదాపు పోగొట్టుకున్నాను. పోగొట్టుకున్నది అజ్ఞానంతో కాదు, వాదనతో. జీవితమంతా మూఢనమ్మకాల మీద వాదించిన దాన్ని, తర్కం తప్పినవాళ్లను నలుగురిలో నిలదీసిన దాన్ని. ఆ ఒక్కసారి తర్కం తప్పింది నేను. నా తప్పు వల్ల ఒక మనిషి తన చేతులతో గల్లీ గల్లీకీ లాగిన కేబుల్ లైనును ఒక పెద్ద కంపెనీకి అప్పగించి పక్కకు తప్పుకునే దాకా వచ్చింది. ఆదివారం లోపల ఆయన కంపెనీకి జవాబు చెప్పాలి. ఆ ఆదివారం ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయనకు కృతజ్ఞత చెప్పడానికి కూడా. ఎదురుగా చెబితే "ఉండనీయుండ్రి టీచరమ్మా" అని మెట్లు దిగిపోతాడు.

మేముండేది ఆబిడ్స్‌కూ నాంపల్లి స్టేషన్‌కూ మధ్య ఒక గల్లీలో. మూడంతస్తుల పాత ఇల్లు. కింద ట్రంకు పెట్టెల దుకాణం, పక్కన లాడ్జి. రెండో అంతస్తులో నేను, మా చెల్లెలు. నేను దగ్గర్లోని సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. డాబా మీద ఒక రేకుల గది ఉంది. చుట్టుపక్కల గల్లీలన్నిటికీ కేబుల్ టీవీ పంచే ఆఫీసు అదే. ఆ ఆఫీసు మనిషిని అందరూ డిష్ అన్న అంటారు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. భుజానికి వైరు చుట్ట, జేబులో కట్టర్, ఒక చేత్తో నిచ్చెన. ముప్పై ఏళ్ల కిందట మొదటిసారి చూసినప్పుడు ఎలా ఉన్నాడో, జుట్టు సంగతి వదిలేస్తే, ఇప్పుడూ అలాగే ఉన్నాడు.

నెలకోసారి ప్రతి ఇంటికీ వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి వెళ్లిపోయే రకం కాదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, రిమోట్ తీసుకుని, ఛానళ్లన్నీ ఒకసారి తిప్పి, బొమ్మ ఎక్కడ మసకబారిందో చూసేవాడు. అది సరిచేసి, రిమోట్ ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టి, "ఇంకేంది?" అనేవాడు. ఆ మాటకు జవాబు వచ్చే దాకా కదిలేవాడు కాదు. వినాయక నిమజ్జనం రోజున మొజంజాహీ మార్కెట్ దగ్గర పొడవాటి వెదురుకర్ర పట్టుకుని నిలబడేవాడు. ఎత్తయిన విగ్రహాలు వచ్చినప్పుడల్లా రోడ్డుకు అడ్డంగా ఉన్న వైర్లను కర్రతో పైకెత్తి, లారీ దాటాక మెల్లగా దించేవాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా అదే పని. దేవుడికి దారి ఇచ్చిన ఆ మనిషే నాస్తికురాలికి అరగంట ఇచ్చాడు. అది ఎలాగో చెబుతాను.

ఆయనకు ఒక లోకల్ ఛానల్ ఉండేది. మా గల్లీల్లో మాత్రమే వచ్చే ఛానల్. ఏ రోజు నల్లా నీళ్లు రావో, నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఎవరి పిల్ల తప్పిపోయిందో, ఎవరి ఇంట్లో పెళ్లో, ఎవరు పోయారో అన్నీ బొమ్మ కింద అక్షరాలుగా పరుగెత్తేవి. ఒకరోజు పొద్దున అందులో ఒక తాయెత్తుల మనిషి ప్రత్యక్షమయ్యాడు. తాయెత్తు కడితే షుగరు తగ్గుతుందట. నేను చేతిలో గరిటె కూడా దించకుండా డాబా ఎక్కాను.

"ఏందయ్యా ఇది? మందు మానేసి ఎవరైనా చస్తే బాధ్యత నీదా, ఆ తాయెత్తుదా?"

ఆయన టంకం వేస్తున్న చెయ్యి ఆపి నా గరిటె వైపు చూశాడు. "టీచరమ్మా, కొట్టనికి వచ్చిన్రా, మాట్లాడనికి వచ్చిన్రా?"

"మాట్లాడటానికే."

"అయితే నాతోని ఎందుకు మాట్లాడుతరు? నేను తాయెత్తు కట్టుకోలే. చూసేటోళ్లతోని మాట్లాడుండ్రి. గాయనకు అద్దగంట ఇచ్చిన, మీకూ అద్దగంట ఇస్త. శుక్రవారం రాండ్రి."

నన్ను వదిలించుకోవడానికి అన్నాడనుకున్నాను. శుక్రవారం వెళితే గది గోడకు నీలం దుప్పటి కట్టి, ముందు కుర్చీ వేసి, కెమెరా మూడు కాళ్ల మీద నిలబెట్టి ఉంచాడు. ఆ రోజు నిమ్మకాయ కోస్తే ఎర్రగా ఎలా మారుతుందో, కత్తికి ముందే ఏం పూస్తారో చేసి చూపించాను. పూనకం వచ్చినవాళ్లు కర్పూరం వెలిగించి పెట్టుకున్నా నాలుక ఎందుకు కాలదో మరో వారం. ఇలా ఏళ్లకు ఏళ్లు, శుక్రవారం సాయంత్రం అరగంట. జనం ఫోన్ చేసి తిట్టేవాళ్లు. తిట్లను కూడా వినిపించాలన్నది ఆయన షరతు. "వాళ్లు గూడ నా కస్టమర్లే టీచరమ్మా" అనేవాడు. తాయెత్తుల మనిషి మూడు నెలల తర్వాత తనంతట తానే మానేశాడు. ఫోన్లలో జనం నా ప్రశ్నలే అతన్ని అడగడం మొదలుపెట్టారు. నా ఉద్యోగ జీవితంలో ఏ ఇన్‌స్పెక్టరూ నాకు అంత స్వేచ్ఛ ఇవ్వలేదు. బల్లలు లేని బడి అది. దాన్ని నాకు కట్టిచ్చింది పదో తరగతి దాటని ఒక కేబుల్ మనిషి.

ఇక్కడ నా చదువు గురించి రెండు ముక్కలు చెప్పాలి. కాలేజీ చదువు కాదు. చిన్నప్పుడు ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని, అక్కడి నుంచి నాంపల్లిలో ఒక అద్దె గదికి వెళ్లేదాన్ని. సంస్కరణ భావాలున్న కొందరు అక్కడ చర్చలు పెట్టేవారు. నడిపే పెద్దాయన ఒక్కటే నియమం పెట్టారు. అవతలివాడి మాటను ఖండించాలంటే ముందు ఆ మాటను వాడి పక్షాన నిలబడి నువ్వే చెప్పాలి. వాడు విని, "ఔ, నేను చెప్పదలచుకున్నది ఇదే" అని ఒప్పుకోవాలి. ఒప్పుకునే దాకా నీకు ఖండించే హక్కు లేదు. బాల్యవివాహం మంచిదని వాదించిన ఒక ముసలాయన మాటను ఆయన మెచ్చేలా చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం దాన్ని ముక్కలు చేశాను. చివర్లో ఆయనే చప్పట్లు కొట్టాడు. ఆ నియమం నాకు అన్నం పెట్టింది, ధైర్యం పెట్టింది. ఆ గదికి నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఆ నియమాన్నే నేను మరిచిపోయాను.

స్మార్ట్‌ఫోన్ మా ఇంటికి మా చెల్లెలి చేతిలో వచ్చింది. మొదటి వారంలోనే నేను దానికి దాసోహమన్నాను. శాస్త్రవేత్తల ఉపన్యాసాలు, గ్రహాల బొమ్మలు, ఎక్కడో ప్రయోగశాలలో ఎవరో కప్ప గుండెను చూపించడం. నాకు కావలసినప్పుడు, కావలసిన చోట ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి. ముప్పై ఏళ్లు బడిలో సుద్దముక్కతో గీసి చెప్పిన వాటిని కళ్లతో చూస్తున్నాను. ఆ సంతోషం నిజమైనది. ఇప్పటికీ దాన్ని వెనక్కి తీసుకోను. కానీ సంతోషం నన్ను ఉపన్యాసకురాలిని చేసింది. ఇంటి బాగోగుల గురించి ఒక ఆదివారం పొద్దున డాబా మీద అందరూ కూర్చుంటే, లిఫ్టు పెట్టించే సంగతి పక్కన పెట్టి నేను లేచాను.

"మనం ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో ఒక గదిలో కూర్చున్న మనిషి ఎందుకు నిర్ణయించాలి? వద్దన్న ఛానళ్లు మనకు ఎందుకు అంటగట్టాలి? రాజులు పోయారు, జమీందార్లు పోయారు, ఈ వైరు ఒక్కటే ఎందుకు మిగలాలి? తెంపేయండి. ఎవరికి కావలసింది వాళ్లు చూసుకోండి."

చప్పట్లు కొట్టారు. డిష్ అన్న అక్కడే నీళ్ల ట్యాంకు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఆయన వైపు తిరగలేదు. ఆయన మాట ఏమిటని అడగలేదు. ఆయన పక్షాన ఒక్క వాక్యం చెప్పలేదు. నేను ముగించాక ఆయన లేచి, "సరే టీచరమ్మా" అని నిచ్చెన కోసం వెళ్లాడు. ఆ వారంలోనే మా ఇల్లు మొత్తం కేబుల్ వదిలేసింది. తర్వాత లాడ్జి. తర్వాత వెనక గల్లీ. ఒక్కో ఇంటి వైరును ఆయనే విప్పి, గుండ్రంగా చుట్టి, భుజాన వేసుకుని పైకి తీసుకుపోయాడు. నా శుక్రవారం అరగంట చూసే ఇళ్లు తగ్గుతూ పోయి, ఒక శుక్రవారం నేనే వెళ్లడం మానేశాను. అది వైరు తెగడం వల్లే జరిగిందని నాకు తట్టనే లేదు.

మూడో అంతస్తులో ఒక అవ్వ ఉంటుంది. పాలమూరు వైపు నుంచి కూలి పనికి వచ్చిన కుటుంబం. కొడుకు ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. అతను నా ఉపన్యాసం విని కేబుల్ తీయించేసి, తల్లి చేతికి తన పాత ఫోన్ ఇచ్చాడు. అవ్వకు చదువు రాదు. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి అడిగితే అదే చూపిస్తుందని ఆమెకు నేర్పింది కూడా నేనే. ఆమెకు అంతకు ముందే సర్కారు దవాఖానలో కంటి పొర తీశారు. రోజూ చుక్కలు వేసుకోవాలి.

గత ఏడాది ఒక బుధవారం మధ్యాహ్నం పైకి వెళితే అవ్వ తడి గుడ్డ కంటికి అదుముకుని కూర్చుని ఉంది.

"ఏమైంది అవ్వా?"

"ఏం లే బిడ్డా. తేనె ఏసుకున్న. జర మంటబెడ్తుంది."

"కంట్లో తేనె ఏంది? ఎవరు చెప్పిన్రు?"

"ఫోన్ల చెప్పిన్రు. ఒక్కలు గాదు. ఒకాయన చెప్పినంక ఇంకొకాయన, గాయన చెప్పినంక ఇంకొకామె. వద్దన్నా వస్తనే ఉన్నరు." నా ముఖం చూసి నవ్వింది. "గంతమంది చెప్తే అబద్ధమెట్ల అయితది టీచరమ్మా?"

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. కన్ను కడిగారు. ప్రమాదం లేదన్నారు. అక్కడి డాక్టరమ్మ అవ్వను ఏమీ అనలేదు, నన్ను మాత్రం కడిగేసింది: "చదువుకున్నోళ్లు ఇంట్లనే ఉన్నరు, గిట్ల ఎట్ల అయింది?" నేను తల వంచుకున్నాను. అవ్వ మాత్రం, "ఆమెను అనకుండ్రి, ఆమె మంచిదే" అని నన్ను వెనకేసుకొచ్చింది. ఆ మాటకు ఆ అవ్వకు చేతులెత్తి దండం పెడుతున్నాను. నాకు దండం పెట్టే అలవాటు తక్కువ.

ఇంటికొచ్చి ఆ ఫోన్ తీసుకున్నాను. తేనె వీడియో కింద ఫిర్యాదు గుర్తు వెతికి నొక్కాను. ఎందుకు ఫిర్యాదు చేస్తున్నారని అడిగితే ఒక కారణం ఎంచుకున్నాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. అంతే. వీడియో అక్కడే ఉంది. దాని పక్కన ఉల్లిపాయ రసం వీడియో కూడా వచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. గరిటె పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? ఏ డాబా ఎక్కాలి? తాయెత్తు వచ్చినప్పుడు నేను ఇరవై రెండు మెట్లు ఎక్కాను, ఒక మనిషి తల ఎత్తి చూశాడు. ఇప్పుడు తల ఎత్తే మనిషి ఎవరు?

అలవాటుగా కాళ్లు నన్ను డాబా మీదికి తీసుకుపోయాయి.

రేకుల గదిలో సగం సిగ్నల్ పెట్టెలు ఆగిపోయి ఉన్నాయి. గోడకు వైరు చుట్టలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కోదానికి తెల్ల టేపు, టేపు మీద పెన్నుతో రాత: 'అవ్వ ఇల్లు', 'లాడ్జి కింద', 'పెట్టెల సేటు', 'టీచరమ్మ'. నా చుట్ట ముందు నేను కాసేపు నిలబడ్డాను.

"ఇవన్నీ ఎందుకు దాచినవ్?"

"మళ్ల వస్తరని గాదు. ఇంటింటికి కొలిచి కోసిన వైరు. పారేయ మనసొప్పలే." కుర్చీ ముందుకు జరిపాడు. "కూసోండ్రి. మీరు మంచిగనే వచ్చిన్రు, మళ్ల బుధవారానికి నేను గీడ ఉంటనో లేదో."

అప్పుడు తెలిసింది. ఒక పెద్ద కంపెనీ వాళ్లు వచ్చిపోయారు. లైను మొత్తం వాళ్లకు ఇచ్చేస్తే వాళ్ల ఇంటర్నెట్ వేసుకుంటారు. ఆయనకు ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ ఈ గల్లీల్లో కాదు, ఎక్కడ వేస్తే అక్కడ. లోకల్ ఛానల్ బంద్. ఆదివారం లోపల చెప్పాలి.

"నా మీద కోపం రాలేదా?" అన్నాను.

"మీ మీద కోపమెందుకు? మీరు చెప్పింది సగం నిజమే."

"మిగతా సగం?"

ఆయన కట్టర్‌ను తిప్పుతూ చాలా మామూలుగా అన్నాడు: "మీరు అడగలే గదా."

నాంపల్లి గదిలో ఆ పెద్దాయన నా చెవి మెలిపెట్టినట్టయింది. అవతలివాడు ఔ అనే దాకా ఖండించే హక్కు లేదు. నేను ఖండించి, గెలిచి, చప్పట్లు కూడా తీసుకున్నాను. ఆయన ఔ అనలేదు. ఆయన్ను నేను నోరు తెరవనివ్వనే లేదు.

"ఇప్పుడు నీ పక్షాన నేను చెబుతాను" అన్నాను. "తప్పయితే కాదను. సరిపోయే దాకా వదలకు." నియమం ఏమిటో చెప్పాను. ఆయనకు సరదాగా అనిపించినట్టుంది. కుర్చీ వెనక్కి తిప్పి, దాని వీపు మీద చేతులు ఆనించి కూర్చున్నాడు.

"చదువు రానివాళ్లకు ఫోన్ కంటే టీవీ సులువు."

"కాదు. అవ్వ ఫోన్ మంచిగనే నేర్చుకుంది. తేనె దాకా పోయింది గదా."

"వార్తలు, లోకల్ కబుర్లు నీ ఛానల్‌లోనే వస్తాయి."

"గదీ కాదు. గవి వాట్సాప్‌ల నాకంటే ముందే వస్తున్నయ్."

"ఇంటిల్లిపాదీ కలిసి చూస్తారు."

"కలిసి చూస్తరు, కలిసి కొట్లాడుకుంటరు. రిమోట్లు ఎన్ని పగిలినయో నాకు ఎరుక. ఇంకోటి చెప్పుండ్రి."

పాఠం రాని పిల్లలా గోడ మీది చుట్టలను చూశాను. తెల్ల టేపులు. అప్పుడు వచ్చింది మాట.

"ఇంట్లోకి ఏం వచ్చినా, అది ఎందుకు వచ్చిందని అడిగితే జవాబు చెప్పే మనిషి ఒకడు మెట్లెక్కితే దొరకాలి."

ఆయన కట్టర్ పక్కన పెట్టాడు. "ఔ," అన్నాడు. "గిప్పుడొచ్చిన్రు."

తర్వాత ఆయనే, "ఇగ నేను మీ పక్క చెప్పాల్నా?" అని అడిగాడు. నియమం అదేనన్నాను. ఆయన లెక్చరరులా గొంతు సవరించుకున్నాడు.

"మాకు వద్దన్న ఛానళ్లు ఇస్తవ్. వాన పడితే బొమ్మ పోతది, ఫోన్ జేస్తే ఎత్తవ్, ఎత్తితే వస్తున్న అంటవ్, రావు. మేము ఇంటికొచ్చే యాళ్లకు మాకు కావల్సింది అయిపోతది. మళ్ల ఎయ్యవ్. పొలగాండ్లకు నెట్టు కావాలంటే నాతోని కాదంటవ్. ముప్పై ఏండ్ల సంది మా ఇండ్లళ్లకొచ్చి ఇంకేంది అని అడిగినవ్, మేము చెప్పినం, నువ్వు తలకాయ ఊపినవ్, పోయినవ్."

నా ఉపన్యాసం కంటే అది ఎంతో మేలు. నేను ఔ అన్నాను. అని, అడిగాను: "ఇదంతా తెలిసినవాడివి, మరి ఎందుకు మార్చలేదు?"

"ఇప్పటిదాక ఒక్కకాడ వెట్టి నోటితోని అనలే టీచరమ్మా. అంటుంటెనే నాకు గూడ తెలుస్తుంది."

నాకు పని దొరికింది. ఆదివారానికి ఇంకా మూడు రోజులు. వదిలేసిన ఇళ్లన్నిటికీ ఇద్దరం వెళ్లాలి. ఒకటే ప్రశ్న, ఎందుకు తీసేశారు? ఎదురు చెప్పకూడదు. వాళ్లు చెప్పింది వాళ్లు ఔ అనే దాకా తిరిగి చెప్పాలి. అంతే. ఆయన ఒప్పుకున్నాడు, ఒక్క షరతు పెట్టాడు. "మీరు మధ్యల ఉపన్యాసం మొదలుపెడితే నేను దగ్గుత."

ఆ మూడు రోజుల్లో ఆయన చాలాసార్లు దగ్గాడు.

కింద పెట్టెల సేటు మమ్మల్ని చూడగానే, "ఏందన్నా, ఓట్లకు వచ్చిన్రా ఇద్దరు? గుర్తేంది, నిచ్చెననా?" అన్నాడు. తర్వాత అసలు బాధ చెప్పాడు. క్రికెట్ ఫోన్‌లో చూస్తే ఆలస్యంగా వస్తోందట. "లాడ్జి ఎదురుగ ఎవడో సిక్స్ అని ఒర్లినంక నా ఫోన్ల బౌలర్ ఉర్కుతడు. గా మజా ఏముంది? కానీ నువ్వు ఇచ్చే గంపెడు ఛానళ్లు నాకెందుకు? నాకు ఆట గావాలె, భజన గావాలె. గంతే." లాడ్జి మేనేజరు టీవీ మాటే ఎత్తవద్దన్నాడు. గదిలోకి వచ్చినవాళ్లు ముందు అడిగేది వైఫై పాస్‌వర్డు, ఆ తర్వాతే నీళ్లు. వెనక గల్లీలో ఒక ఇంటావిడ పిండి కలుపుతూ, "టీవీ ఉంది. పొద్దున లేచి తుడుస్త. నలుగురం నాలుగు మూలల ఫోన్లు వట్టుకుంటం. ఎవ్వలేం జూస్తున్నరో ఎవ్వలకు తెల్వది" అంది. అని, మా వైపు చూడకుండా, "మా చిన్నోడేం జూస్తున్నడో గదొక్కటి తెలిస్తే బాగుండు" అంది. డిష్ అన్న ఆ మాటను తిరిగి చెబితే ఆమె తల ఊపింది. నేను నోరు తెరవబోయాను. ఆయన దగ్గాడు.

అవ్వ అన్నిటికంటే తక్కువ అడిగింది. "నాకు కింద నుంచి రెండో వరసల నడిమి బొత్తాము నొక్కితే వస్తుండె. గది గావాలె."

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు కంపెనీ మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మర్యాదస్తుడు. కాగితాలు బల్ల మీద పరిచాడు. డిష్ అన్న వాటిని చూడలేదు. "నెట్టు మీకాడ తీసుకుంట," అన్నాడు. "లైను నాది. ఛానల్ నాది. ఏం పోయినా జవాబు నాది." ఆ మనిషి నవ్వి, ఇలాంటివి కుదరవన్నాడు. కాగితాలు మడిచి వెళ్లిపోయాడు. అతను మెట్లు దిగిపోయిన చప్పుడు వినబడే దాకా డిష్ అన్న నిలబడే ఉన్నాడు. తర్వాత కూలబడి, "నేను జేసింది కరెక్టేనా టీచరమ్మా?" అన్నాడు. తర్కం ఇంతవరకే తీసుకొస్తుంది. ఆ తర్వాత చేసి చూడాల్సిందే. ప్రయోగం అంటే అదే కదా.

ప్రయోగం సగం ఫలించింది, సగం లేదు. నేను అబద్ధం చెప్పను. ఆ పెద్ద కంపెనీ కాదన్నదానికి ఇంకో చిన్న కంపెనీ ఔనంది. పాత స్తంభాల మీదే ఆయన కొత్త ఫైబర్ లాగాడు. ఇప్పుడు ఒకే వైరులో నెట్టూ టీవీ రెండూ వస్తాయి. ఏది కావాలో ఇంటివాళ్లే కాగితం మీద టిక్కు పెడతారు, పెట్టనిది రాదు. సేటుకు ఆటా భజనా. లాడ్జికి ఉత్త నెట్టు. టీవీలు వాళ్లు మళ్లీ పెట్టలేదు. వెనక గల్లీ ఇంటావిడకు చిన్నపిల్లలకు తగనివి ఫోన్లలోకి రాకుండా ఎలా బిగించాలో ఆయన ముందు తాను నేర్చుకుని, తర్వాత ఆమెతోనే చేయించాడు, తానుగా చేయలేదు. "రేపు తియ్యాలన్నా ఆమెనే తియ్యాలె" అన్నాడు. ప్రతి ఇంటి కరెంటు మీటరు పక్కన తన నంబరు అతికించాడు. ఫోన్ ఎత్తుతాడు. వస్తాను అంటే వస్తాడు. రాలేని రోజు రాలేనంటాడు. అవ్వ రిమోట్‌లో కింద నుంచి రెండో వరస నడిమి బొత్తాము మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాడు. ఆ రంగు మా చెల్లెలిది. తిరిగి రాని ఇళ్లు చాలానే ఉన్నాయి. వాటి చుట్టలు ఇంకా గోడకు వేలాడుతున్నాయి. కానీ గదిలో పెట్టెలు మళ్లీ మిణుకుతున్నాయి. గల్లీలో నిచ్చెన మళ్లీ తిరుగుతోంది.

లోకల్ ఛానల్ ఇప్పుడు టీవీలోనూ వస్తుంది, ఫోన్లలోనూ వస్తుంది. వదిలేసి వెళ్లినవాళ్లు కూడా చూడవచ్చు. మొదటి శుక్రవారం నేను నీలం దుప్పటి ముందు కూర్చుని, ముందుగా నా పాత ఉపన్యాసాన్ని మళ్లీ చెప్పాను. తర్వాత ఆయన వాదనను ఆయన ఔ అన్న మాటల్లోనే చెప్పాను. చివర్లో అడగకుండా ఖండించానని, తప్పు నాదని చెప్పాను. రెండో భాగం తేనె గురించి. అవ్వ పక్కన కూర్చుని తన కన్ను ఎలా మండిందో తానే చెప్పింది. నా ముప్పై ఏళ్ల నిమ్మకాయల కంటే ఆ రెండు నిమిషాలు గట్టిగా తగిలాయి. కెమెరా వెనక డిష్ అన్న బొటనవేలు ఎత్తాడు. అప్పుడే ఫోన్ మోగింది. ఎవరో తిట్టడానికి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నన్ను తిట్టడానికి మళ్లీ ఒక మనిషి దొరికాడు.

ఆయనకు నా కృతజ్ఞత అదే. నేను మెట్లెక్కితే తల ఎత్తినందుకు. నా తప్పును నా నియమంతోనే నాకు చూపించినందుకు. నా కప్ప గుండె వీడియోలు ఇవాళ ఆయన వైరులోనే వస్తున్నందుకు.

ఇప్పుడు మీ వంతు. కేబుల్ ఉంచుకోండని చెప్పను, తీసేయండనీ చెప్పను. ఆ ఉపన్యాసం ఒకసారి ఇచ్చి అనుభవించాను. మీ వీధిలోనూ ఒక డిష్ అన్న ఉన్నాడు. ఆయన గది ఏ డాబా మీద ఉందో కనుక్కోండి. ఈ ఆదివారం లోపల ఆ మెట్లు ఎక్కండి. మీరు ఎందుకు విసిగిపోయారో, మీకు ఏం కావాలో ఆయన ముఖం మీదే చెప్పండి. తర్వాత ఆయన మాట అడగండి. విని, ఆయన ఔ అనే దాకా ఆ మాటను మీ నోటితో తిరిగి చెప్పండి. తెంపాలో ఉంచాలో అప్పుడు నిర్ణయించండి. ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి. లేవండి.